తొమ్మిది ఆకుల గురువారం

ఈస్టర్ పండగకు మూడు రోజుల ముందు వచ్చే గురువారం. అమెరికా దక్షిణాన, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న న్యూ ఆర్లీన్స్ నగరం. అందులో ట్రెమే అనే పాత పేట. ఆ పేటలో ఆర్లీన్స్ అవెన్యూ మూల మీదున్న ఒక ఇటుకల భవనం ముందు, పన్నెండు కాకుండానే కుటుంబాలకు కుటుంబాలు వచ్చి నిలబడతాయి. చేతికర్ర ఊతంగా నాయనమ్మ, ఆవిడ మోచెయ్యి పట్టుకుని కొడుకు, వెనకాల కోడలు, బడికి వెళ్ళే పిల్లలు. ఆఫీసులో ఆ పూటకు సెలవు పెట్టి వచ్చినవాళ్ళు, ఊళ్ళోని రాజకీయ నాయకులు, న్యాయమూర్తులు కూడా ఆ వరసలోనే ఉంటారు. ఏడాదికేడాది అదే గురువారం, అదే హోటలు. దాని పేరు డూకీ చేజ్స్. 1941లో తెరిచారు. ఇప్పటికీ ఆ కుటుంబం చేతుల్లోనే నడుస్తోంది.

వాళ్ళు తినబోయే వంటకం అక్కడ ఏడాది మొత్తం మీద ఆ ఒక్క రోజే వడ్డిస్తారు. దాన్ని గంబో జెర్బ్ అంటారు. గంబో అంటే లూసియానా రాష్ట్రంలో అన్నం మీద పోసుకుని తినే చిక్కని కూర. మామూలు రోజుల్లో రొయ్యలతో, పీతలతో, కోడి మాంసంతో, బెండకాయలతో రకరకాలుగా చేస్తారు. ఈ గురువారం నాటిది మాత్రం ఆకుకూరల గంబో. చూడటానికి ముదురు పచ్చగా, మన ఎనిపిన తోటకూర పప్పులా ఉంటుంది. గరిటె ముంచితే అడుగు నుంచి మాంసం ముక్కలు పైకి వస్తాయి.

ఆవాకు, కొల్లార్డ్, టర్నిప్ దుంపల ఆకు, బీట్‌రూట్ ఆకు, క్యారట్ ఆకు, పాలకూర, వాటర్‌క్రెస్, క్యాబేజీ, లెట్యూస్. డూకీ చేజ్స్‌కి పేరు తెచ్చిన లియా చేజ్ తన వంటల పుస్తకంలో రాసిన తొమ్మిది ఆకులు ఇవి. బీట్‌రూట్ ఆకు, క్యారట్ ఆకు మన బజార్లలో చాలాచోట్ల దుంపను తూచే ముందే తుంచి పారేస్తారు. అక్కడి పెద్దవాళ్ళు ఖాళీ జాగాల్లో దానంతట అదే మొలిచే పెప్పర్‌గ్రాస్ అనే ఘాటు ఆకును కూడా కోసుకొచ్చి ఇందులో కలిపేవారు. ఇన్ని రకాల ఆకు పోగుచేయడం ఒక ఎత్తు, కడగడం ఇంకో ఎత్తు. ఒక నీరు, రెండు నీళ్ళతో పోయే ఇసుక కాదు అది. వందల మందికి వండే చోట ఏరడం, కడగడం, తరగడం ముందు రోజుల్లోనే మొదలుపెట్టాలి.

కడిగిన ఆకునంతా ఉల్లిపాయలు, వెల్లుల్లితో కలిపి పెద్ద గిన్నెలో ఉడికిస్తారు. వార్చిన నీళ్ళు పారబోయకుండా దాచుకుంటారు. ఆకును మెత్తగా రుబ్బుతారు. ఇంకో పొయ్యి మీద మాంసాలు ఉంటాయి: పొగబెట్టిన సాసేజి, పొగబెట్టిన పంది మాంసం, గొడ్డు మాంసం, షోరీస్ అనే కారపు పంది సాసేజి. షోరీస్ వేగుతుంటే ఎర్రగా కొవ్వు దిగుతుంది. ఆ కొవ్వులోనే గోధుమ పిండి వేసి వేయిస్తారు. తరవాత అన్నీ ఒకే గిన్నెలోకి చేరి, దాచిన ఆకు నీళ్ళతో సన్న సెగ మీద ఉడుకుతాయి. థైమ్ ఆకు, కారం పడతాయి. చివరగా ఫీలే పొడి. సాసఫ్రాస్ అనే చెట్టు ఆకుల్ని ఎండబెట్టి దంచిన ఈ పొడి ఆ ప్రాంతపు ఆదివాసులైన చోక్టా ప్రజల నుంచి వచ్చింది. వాళ్ళ ఆడవాళ్ళు దాన్ని న్యూ ఆర్లీన్స్ బజారుకు తెచ్చి అమ్మేవారు. గంబోకి చివరి చిక్కదనం దాని వల్లే.

ఆకులు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉండాలని అక్కడ పట్టింపు. అయిదు, ఏడు, తొమ్మిది, పదకొండు. సరి సంఖ్య పడితే అచ్చిరాదట. కూరలో ఎన్ని రకాల ఆకులుంటే ఆ ఏడాది అంతమంది కొత్త స్నేహితులు దొరుకుతారని కూడా చెబుతారు.

గురువారమే ఎందుకంటే, మర్నాడు గుడ్ ఫ్రైడే. న్యూ ఆర్లీన్స్ ఫ్రెంచివాళ్ళు కట్టిన ఊరు, తరవాత కొన్నాళ్ళు స్పెయిన్ ఏలిన ఊరు. అందుకే అమెరికా దక్షిణాన చాలా ఊళ్ళలో ప్రొటెస్టెంట్లు ఎక్కువైతే ఇక్కడ కతోలికులు ఎక్కువ. మన తెలుగు కతోలిక కుటుంబాలకు ఈ క్రమం తెలిసిందే: విభూది బుధవారంతో తపస్సు కాలం మొదలవుతుంది, పవిత్ర గురువారం సాయంత్రం గుళ్ళో పాదాలు కడిగే ఆచారం ఉంటుంది, శుక్రవారం ఉపవాసం, ఆ రోజు మాంసం ముట్టరు. ఉపవాసానికి ముందు పూట కడుపు నిండా తినాలి. ఆకులూ మాంసమూ ఒకే గిన్నెలో ఇంత దట్టంగా కలవడానికి ఆ శుక్రవారమే కారణం.

ఈ వంటకం ఎక్కడ పుట్టిందన్న దాని మీద వాదాలున్నాయి. జర్మన్ కతోలికులకు ఈ గురువారం పచ్చని ఆకులు తినే అలవాటుంది. 1720ల్లోనే జర్మన్ రైతులు న్యూ ఆర్లీన్స్‌కి ఎగువన నది ఒడ్డున స్థిరపడ్డారు. ఫ్రెంచివాళ్ళకు ఆకుల సూపు ఉంది. కానీ ఆకును మాంసంతో కలిపి చిక్కగా ఉడికించి పిండి ముద్దతోనో అన్నంతోనో తినడం పశ్చిమ ఆఫ్రికాలో నిత్య భోజనం. కరీబియన్ దీవుల్లో కలలూ పేరుతో అదే కనిపిస్తుంది. న్యూ ఆర్లీన్స్‌కి చెందిన రచయిత లోలిస్ ఎరిక్ ఎలై ఈ ఆఫ్రికా బంధాన్నే గట్టిగా చూపించారు. ఆ మాటకే బలం ఎక్కువ. ఆ వంటశాలల్లో తరతరాలుగా గరిటె తిప్పింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులూ వాళ్ళ సంతానమూను. క్యాలెండరు యూరప్‌ది కావచ్చు, చెయ్యి మాత్రం ఆఫ్రికాది.

ఇక్కడ తెలుగు శ్రోతలకు ఒక సందేహం రావాలి. పండగ పూట హోటలుకి వెళ్ళడమేమిటి? సంక్రాంతి నాడు ఇంట్లో పొయ్యి వెలిగించకుండా నలుగురినీ వెంటేసుకుని బయట తినడం మన పెద్దవాళ్ళకు మింగుడుపడదు. వండే ఓపిక లేక, వండే మనిషి లేక వెళ్ళారని అనుకుంటారు. అమెరికా దక్షిణాదివాళ్ళు కూడా మొన్నమొన్నటి దాకా ఇలాగే ఉండేవారు. పండగ భోజనమంటే ఇంట్లో అమ్మమ్మ వండిందే. జనవరి 1న కొత్త సంవత్సరం నాడు అలసందలూ ఆకుకూరా వండుకోవడం నేటికీ అక్కడ ఇంటింటి ఆచారం. అలసందలు నాణేలకు గుర్తు, ఆకు నోట్లకు గుర్తు, పక్కన పెట్టే మొక్కజొన్న రొట్టె బంగారానికి గుర్తు. మనం గారెలు వేసుకునే అలసందలే అవి. వాటి పుట్టిల్లు ఆఫ్రికా. మన నేలకు ఎప్పుడో ప్రాచీన కాలంలోనే వచ్చాయి, అమెరికాకు బానిసలను మోసిన ఓడల కాలంలో చేరాయి.

అయితే ఇప్పుడు పండగకు బయట తినడం దక్షిణాదిలో మామూలైపోయింది. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ నాడు టెన్నెసీ, జార్జియా, అలబామా రహదారుల పక్కన క్రాకర్ బ్యారెల్ అనే హోటళ్ళు కిటకిటలాడతాయి. డాన్ ఎవిన్స్ అనే ఆయన 1969లో టెన్నెసీలోని లెబనాన్ ఊళ్ళో మొదటిది తెరిచాడు. ఇప్పుడవి నలభైకి పైగా రాష్ట్రాల్లో ఆరు వందలు దాటాయి. ముందు వసారాలో వరసగా ఊగే కుర్చీలు. లోపలికి వెళ్ళగానే పాతకాలపు పల్లెటూరి అంగడిలాంటి దుకాణం. బల్ల మీద పిల్లలు ఆడుకోవడానికి పుల్లలు గుచ్చే చెక్క ఆట. క్రిస్మస్ నాడు మూసేస్తారు గానీ థాంక్స్‌గివింగ్ నాడు తెరిచే ఉంచుతారు. టర్కీ కోడి, మొక్కజొన్న రొట్టెతో చేసిన డ్రెసింగ్, చిలగడదుంప, క్రాన్‌బెరీ పచ్చడి, గుమ్మడి పై. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో కారులో వచ్చిన అన్నదమ్ములు సగం దారిలో కలుసుకుని అక్కడే పండగ చేసుకుని విడిపోతారు. ఇంట్లో వండే పెద్దావిడ పోయాక, ఇల్లు అమ్మేశాక, కుటుంబాన్ని ఒక చోట కూర్చోబెట్టేది ఆ బల్లే. దాన్ని తక్కువ చేసి చూడటం న్యాయం కాదు.

కానీ ఆ బల్ల దగ్గర అందరికీ ఒకే మర్యాద దక్కిందా అన్న ప్రశ్న దక్షిణాదిలో పాత కాలంతో పోలేదు. క్రాకర్ బ్యారెల్‌లో నల్లజాతివాళ్ళను వేరే భాగంలో కూర్చోబెడుతున్నారని, వాళ్ళ తరవాత వచ్చిన తెల్లవాళ్ళకు ముందు వడ్డిస్తున్నారని అమెరికా న్యాయశాఖ ఆరోపించింది. తప్పు జరిగిందని ఒప్పుకోకుండానే, సిబ్బందికి శిక్షణ ఇస్తామని, పద్ధతులు మారుస్తామని ఆ సంస్థ 2004లో న్యాయశాఖతో ఒప్పందం చేసుకుంది. 2004 అంటే నిన్నగాక మొన్న. ఈ ఒక్క సంగతి చాలు, ట్రెమేలోని ఆ గురువారం భోజనానికి అంత విలువ ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1892లో హోమర్ ప్లెసీ అనే చెప్పులు కుట్టే యువకుడు న్యూ ఆర్లీన్స్‌లో రైలెక్కి, తెల్లవాళ్ళకు కేటాయించిన పెట్టెలో కూర్చున్నాడు. రైళ్ళలో నల్లవాళ్ళను వేరుగా కూర్చోబెట్టే చట్టాన్ని కోర్టులో ప్రశ్నించడానికి నల్లజాతి పెద్దలు కొందరు కలిసి వేసిన పథకం అది. అతను ఉండేది ట్రెమేలోనే. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1896లో ఓడిపోయింది. సదుపాయాలు సమానంగా ఉంటే చాలు, వేరు చేసి ఉంచవచ్చునని కోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు నీడలో దాదాపు డెబ్భై ఏళ్ళ పాటు రైళ్ళు, బడులు, ఆస్పత్రులు, పార్కులు, హోటళ్ళు అన్నీ రెండుగా చీలిపోయాయి. న్యూ ఆర్లీన్స్‌కి అమెరికాలోకెల్లా రుచి తెలిసిన ఊరని పేరు. 1893లో మొదలైన కమాండర్స్ ప్యాలెస్ లాంటి పేరుమోసిన హోటళ్ళున్న ఊరు. అక్కడి వంటగదుల్లో నల్లవాళ్ళు వండవచ్చు, గిన్నెలు తోమవచ్చు. ముందు గదిలో కుర్చీ లాక్కుని కూర్చోకూడదు. నాన్న ఉద్యోగం వచ్చిన రోజున, కూతురు బడి చదువు పూర్తిచేసిన రోజున, పండగ రోజున, మంచి బట్టలు కట్టుకుని పిల్లల్ని తీసుకెళ్ళి తెల్లని గుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చోవాలంటే ఆ ఊళ్ళో నల్లజాతి కుటుంబానికి చోటే లేదు.

డూకీ చేజ్స్ కూడా అలాంటి చోటుగా పుట్టలేదు. పెద్ద ఎడ్గర్ చేజ్‌ని అందరూ డూకీ అనేవారు. కడుపులో పుండ్లతో బాధపడుతూ నికరంగా ఉద్యోగం చెయ్యలేక ఇంటింటికీ లాటరీ టిక్కెట్లు అమ్మేవాడు. ఆయన భార్య ఎమిలీ మంచి వంటగత్తె. ఒక బీరు కంపెనీ దగ్గర 600 డాలర్లు అప్పు తీసుకుని 1939లో చిన్న అంగడి పెట్టారు. లాటరీ టిక్కెట్లు, ఎమిలీ చేసిన పో బాయ్ శాండ్‌విచ్‌లు అక్కడి సరుకు. రెండేళ్ళకు అది హోటలయింది. శుక్రవారం సాయంత్రం జీతం చెక్కులతో వచ్చే కూలీలకు ఎమిలీయే డబ్బు ఇచ్చేది, ఎందుకంటే బ్యాంకుల్లో నల్లవాళ్ళకు మర్యాద ఉండేది కాదు. చెక్కు మార్చుకుని, శాండ్‌విచ్ తిని, ఒక గ్లాసు తాగి ఇంటికెళ్ళేవారు.

ఆ ఇంటికి 1946లో కోడలుగా వచ్చారు లియా. పుట్టింది 1923 జనవరి 6న. పెరిగింది పాంచర్‌ట్రెయిన్ సరస్సుకు అవతల ఒడ్డున ఉన్న మ్యాడిసన్‌విల్ అనే చిన్న ఊళ్ళో, పెద్ద కుటుంబంలో. తండ్రి పడవలు కట్టే చోట పనిచేసేవాడు. ఇంటి పెరట్లో ఆకుకూరలు, బెండకాయలు పండించుకునేవారు. స్ట్రాబెరీ తోటల్లో కోతకు వెళ్ళేవారు. ఆ ఊళ్ళో నల్ల పిల్లలకు కతోలిక హైస్కూలు లేకపోవడంతో లియాను న్యూ ఆర్లీన్స్‌లో బంధువులింటికి పంపి సెయింట్ మేరీస్ అకాడమీలో చేర్చారు. చదువయ్యాక ఊళ్ళోని పాత పేట అయిన ఫ్రెంచ్ క్వార్టర్‌లో తెల్లవాళ్ళ హోటల్లో వడ్డించే పనికి కుదిరారు. బల్ల మీద ఏ చెంచా ఎక్కడ పెడతారు, ఏ వంటకం తరవాత ఏది వస్తుంది, వడ్డించే మనిషి ఎలా నడవాలి అన్నవి ఆవిడ చూసి నేర్చుకున్నారు. తను ఎన్నడూ కూర్చోలేని బల్ల మీద నేర్చుకున్న విద్య అది. భర్త చిన్న ఎడ్గర్ ట్రంపెట్ వాయించేవాడు, సొంత బ్యాండు నడిపేవాడు. నలుగురు పిల్లలు కాస్త ఎదిగాక 1950ల్లో లియా అత్తగారి హోటల్లో అడుగుపెట్టారు.

పెట్టగానే ఫ్రెంచ్ క్వార్టర్‌లో తను వడ్డించిన లాబ్‌స్టర్ థెర్మిడార్ లాంటి వంటకాలు జాబితాలో చేర్చారు. వచ్చినవాళ్ళు వాటిని ముట్టుకోలేదు. పేట జనానికి కావలసింది తమకు తెలిసిన తిండి. లియా ఆ సంగతి త్వరగానే గ్రహించారు. మ్యాడిసన్‌విల్ పెరటి ఆకుకూరలు, గంబో, వేయించిన కోడి, రొయ్యల కూరలు వండి, వాటినే తెల్లని గుడ్డ పరిచిన బల్ల మీద, వెండి చెంచాలతో, మర్యాదగా వడ్డించడం మొదలుపెట్టారు. ఆవిడ చేసిన పెద్ద పని ఇదే అనిపిస్తుంది. తిండి మార్చలేదు, తినేవాళ్ళను మారమనలేదు. వాళ్ళ ఇంటి వంటకే విందు గది కట్టారు.

అప్పటి నుంచి ట్రెమే, ఆ చుట్టుపక్కల పేటల కుటుంబాలకు పండగ చేసుకోవడానికి చోటు దొరికింది. పెళ్ళి కుదిరినా అక్కడికే, చావు భోజనమైనా అక్కడికే. ఊరిమీదుగా వెళ్ళే గాయకులూ అక్కడే తినేవారు. రే చార్ల్స్ పాడిన ఒక పాటలో ఈ హోటలు పేరు వినిపిస్తుంది.

కింద కుటుంబాలు తింటుండగా మేడ మీద గదిలో ఇంకో రకం సమావేశాలు జరిగేవి. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒక బల్ల దగ్గర కూర్చుని తినడం చట్టరీత్యా నేరమైన రోజుల్లో, ఆ గదిలో వాళ్ళు కలిసే కూర్చుని గంబో తింటూ పౌరహక్కుల ఉద్యమం గురించి మాట్లాడుకునేవారు. న్యాయవాదులు ఎ. పి. టూరో, థర్గుడ్ మార్షల్ వచ్చేవారు. మార్టిన్ లూథర్ కింగ్ వచ్చారు. 1961లో జాతి వివక్షను ఎదిరించడానికి బస్సుల్లో బయల్దేరి అలబామాలో దెబ్బలు తిన్న ఫ్రీడమ్ రైడర్లకు ఇక్కడ అన్నం పెట్టారు. ఒరీతా కాసిల్ అనే విద్యార్థిని, ఆమె స్నేహితులు ముగ్గురు 1960 సెప్టెంబరులో కెనాల్ వీధిలోని మెక్రోరీస్ అంగడిలో భోజనం బల్ల దగ్గర కూర్చుని లేవనన్నందుకు అరెస్టయ్యారు. 1963లో సుప్రీంకోర్టు వాళ్ళ శిక్షను కొట్టేసింది. ఒరీతా తల్లి వర్జీ డూకీ చేజ్స్ బార్‌లోనే పనిచేసేది. ఒకే కుటుంబంలో తల్లి ఒక బల్ల దగ్గర వడ్డిస్తోంది, కూతురు ఇంకో బల్ల దగ్గర కూర్చునే హక్కు కోసం జైలుకెళ్ళింది.

పోలీసులకు మేడ మీద గది సంగతి తెలుసు. తెలిసినా లోపలికి రాలేదు. ఊళ్ళో అంత అభిమానం ఉన్న హోటలు మీద చెయ్యి వేస్తే వీధులు నిండుతాయని వాళ్ళకూ తెలుసు. 1965లో మాత్రం ఎవరో హోటలు మీద బాంబు విసిరారు. అయినా హోటలు నడుస్తూనే ఉంది.

1964 పౌరహక్కుల చట్టంతో దేశంలో ఏ హోటలయినా నల్లవాళ్ళకు తలుపు తియ్యక తప్పలేదు. చాలా ఊళ్ళలో ఆ తరవాత నల్లజాతివాళ్ళ హోటళ్ళు కుదేలయ్యాయి. ఇన్నాళ్ళూ వేరే దిక్కులేక వచ్చినవాళ్ళు ఇప్పుడు పెద్ద వీధుల్లోకి వెళ్ళసాగారు. అలా మూతపడినవాటి లెక్క ఎవరూ పెద్దగా రాయలేదు, అది రాయవలసిన చరిత్ర. డూకీ చేజ్స్ నిలిచింది. పవిత్ర గురువారం లాంటి ఆచారాలు దాన్ని నిలబెట్టినవాటిలో ఒకటి. ఎక్కడికైనా వెళ్ళి తినగలిగే స్వేచ్ఛ వచ్చాక కూడా ఆ కుటుంబాలు ఆ గురువారం ఇక్కడికే వచ్చాయి. ఇప్పుడు పిల్లల్ని తీసుకొస్తున్నవాళ్ళు తమ చిన్నతనంలో ఇదే గదిలో కూర్చున్నవాళ్ళు.

గోడల సంగతి కూడా చెప్పాలి. లియాకు 54 ఏళ్ళు వచ్చేదాకా మ్యూజియంలో అడుగుపెట్టే యోగం లేదు. ఆవిడ పెరిగిన రోజుల్లో న్యూ ఆర్లీన్స్ చిత్రకళా మ్యూజియం ఉన్న పార్కులోకి నల్లవాళ్ళను రానిచ్చేవారు కాదు. 1977లో అదే మ్యూజియం పాలకమండలిలో సభ్యురాలయ్యారు. నల్లజాతి చిత్రకారుల బొమ్మలు కొని, తన హోటలు గోడలకు తగిలించారు. ఎలిజబెత్ క్యాట్లెట్, జేకబ్ లారెన్స్ లాంటి పెద్దవాళ్ళ పనులు అక్కడ భోజనం బల్లల పక్కనే ఉంటాయి. మ్యూజియం టిక్కెట్టు కొనని ముసలాయన గంబో తింటూ వాటిని చూడవచ్చు. ఆవిడ వంటగదిలో గుమ్మడి జాతి కాయ కోస్తుండగా గుస్తావ్ బ్లాష్ వేసిన బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ చిత్తరువుల గ్యాలరీలో ఉంది. 2009లో వచ్చిన డిస్నీ చిత్రం ‘ది ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్’లో సొంత హోటలు పెట్టుకోవాలని కలగనే టియానా పాత్రకు స్ఫూర్తి ఆవిడే.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చింది. గట్లు తెగి ఊరు మునిగింది. ట్రెమేలో డూకీ చేజ్స్‌లోకి నీళ్ళొచ్చాయి, వంటగది పాడయింది. బొమ్మల్ని మనవడు భద్రమైన చోటికి చేర్చాడు. అప్పటికి లియాకు 82 ఏళ్ళు. ఆవిడ, భర్త హోటలు ఎదుట ప్రభుత్వం ఇచ్చిన ట్రైలరులో ఏడాదికి పైగా ఉన్నారు. మరుసటి ఏడాది పవిత్ర గురువారం నాడు డూకీ చేజ్స్ తెరుచుకునే స్థితిలో లేదు. అయినా ఆ గురువారం ఖాళీగా పోలేదు. ఊళ్ళోని ఇతర హోటళ్ళవాళ్ళు, వంటవాళ్ళు కలిసి ఫ్రెంచ్ క్వార్టర్‌లో గంబో జెర్బ్ విందు పెట్టి, వచ్చిన డబ్బు లియా హోటలు బాగుచెయ్యడానికి ఇచ్చారు. అరవై ఏళ్ళ కిందట ఆవిడ వడ్డించడానికి మాత్రమే అర్హురాలైన ఫ్రెంచ్ క్వార్టర్ అది. 2007లో డూకీ చేజ్స్ మళ్ళీ తెరిచారు.

తరవాతి ఏడాది అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న బరాక్ ఒబామా వచ్చి గంబో ముందు కూర్చున్నారు. రుచి చూడకుండానే కారపు సాస్ చల్లబోయారు. లియా మందలించారు. దేశాన్ని ఏలబోయే మనిషయినా సరే, గంబో మీద సాస్ చల్లడం ఆవిడ ఒప్పుకోలేదు. ఆ కథ న్యూ ఆర్లీన్స్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంతకుముందు అధ్యక్షుడైన జార్జి బుష్ కూడా ఆ హోటల్లో తిన్నవారే. పార్టీ ఏదైనా ఆవిడకు పట్టింపు లేదు.

చిన్న ఎడ్గర్ 2016లో పోయారు. డెబ్భై ఏళ్ళ కాపురం. అదే ఏడాది లియాకు, వంటవాళ్ళను సత్కరించే జేమ్స్ బియర్డ్ సంస్థ జీవితకాల పురస్కారం ఇచ్చింది. తొంభై దాటాక కూడా ఆవిడ వంటగదిలో కూర్చుని ఆకు ఏరేవారు, పవిత్ర గురువారం నాడు బల్ల బల్ల దగ్గరకూ వెళ్ళి ఎవరి పిల్లలు ఎవరో గుర్తుపట్టి పలకరించేవారు. 2019 జూన్ 1న, 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ట్రెమేలోని సెయింట్ పీటర్ క్లేవర్ గుళ్ళో అంత్యక్రియల ప్రార్థన జరిగింది.

గురువారం మాత్రం ఆగలేదు. ఇప్పుడు వంటగది మనవడు నాలుగో ఎడ్గర్ చేతిలో ఉంది. కూతురు స్టెల్లా, మిగతా మనవలు, మునిమనవలు హోటలు పనుల్లో ఉన్నారు. ఆకులు ఇప్పటికీ తొమ్మిదే. గంబో పక్కన వేయించిన కోడి పెడతారు. ఆ రోజు జనాన్ని ఒక పంక్తి తరవాత ఒక పంక్తిగా వేళలు వేసి కూర్చోబెడతారు, నడిచొచ్చి ఖాళీ చూసి కూర్చునే వీలుండదు. వెళ్ళదలచినవాళ్ళు చాలా ముందుగా చోటు చెప్పి ఉంచుకోవాలి. నాయనమ్మ నుంచి మునిమనవడి దాకా పదిమంది ఉన్న కుటుంబమైతే ఇంకా ముందుగా.